అసలు సిసలైన నకిలీ

మా జిల్లాలో నకిలీకి ఎన్నడూ కరువు లేదు. వానలు మొహం చాటేసిన ఏడు కూడా నకిలీ పంట ఆగలేదు. పత్తి విత్తనం నకిలీ, పురుగు మందు నకిలీ, అల్లం వెల్లుల్లి పేస్టు నకిలీ. కాకపోతే వీటన్నిటికీ ఒక అవలక్షణం ఉంది: ఏదీ తాను నకిలీనని ఒప్పుకోదు. నేను నకిలీనే అని తలెత్తుకుని చెప్పుకునే వస్తువు మా గడ్డ మీద ఒక్కటైనా పుట్టాలని చాన్నాళ్లుగా నా కోరిక. ఆ లోటు మా బామ్మర్ది తీర్చాడు.

నల్లగొండ నుంచి దేవరకొండ పోయే రోడ్డులో వాళ్ల ఊరు. బర్రెల కొట్టం పక్కనున్న రేకుల షెడ్డులో ఎనిమిది నెలలు కూర్చుని డ్రాగునోవ్ స్నైపర్ రైఫిల్‌కు నకలు తయారుచేశాడు. పేలదు. గొట్టం ఉండాల్సిన చోట లేత్ మిషన్ మీద నున్నగా తీయించిన గట్టి ఇనుప కడ్డీ ఉంది. దాంట్లోంచి గుండు కాదు కదా, చీమ కూడా దూరి రాలేదు. బొమ్మ తుపాకిని నిజం తుపాకిగా మార్చాలంటే లైసెన్సు తప్పనిసరని 1959 ఆయుధాల చట్టం ఆరో సెక్షన్ చెబుతోంది. మా వాడికి ఆ దిగులు లేదు. వాడి దిగులల్లా, చూసినవాళ్లెవరైనా దాన్ని బొమ్మ అంటారేమోనని.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. డ్రాగునోవ్‌ను సోవియట్ సైన్యం 1963లో చేర్చుకుంది. మన సైన్యం కూడా దశాబ్దాలుగా వాడింది. పొడవు 1,225 మిల్లీమీటర్లు, మేగజైన్‌లో పది తూటాలు, బరువు దుర్భిణితో కలిపి 4.3 కిలోలు. మా వాడు చేసింది మొదట ఐదు కిలోలు దాటింది. పల్లీలు తూచే కాంటా మీద పెట్టి, గీకి, మళ్లీ పెట్టి, మళ్లీ గీకి, నెల రోజుల్లో 4.3కి తెచ్చాడు. ఆ నెలంతా ఆ కాంటా మీద పల్లీలు తూచలేదు. మా అత్తను అడిగితే వేరే లెక్కలు చెబుతుంది.

అసలు కథ కట్టె దగ్గర మొదలైంది. ఊళ్లో వడ్లాయన నాగళ్లు పోయాక తలుపులు, తలుపులు పోయాక సోఫాలు చేస్తూ బతుకుతున్నాడు. మా వాడు ఫోటోలు, కొలతలు పట్టుకుని పోతే పెద్దాయన అద్దాలు సర్దుకుని శ్రద్ధగా చూశాడు.

"పేలుతదా?"

"పేలదు."

"కోతులను బెదిరియ్యనీకా?"

"కాదు."

"పెండ్లిల వట్టుకొని ఫోటో దిగనీకా?"

"కాదే పెద్దయ్యా. అచ్చం ఒరిజినల్ లెక్క ఉండాలె."

"మరి ఆ ఒరిజినల్ దేనికున్నదట?"

దీనికి మా వాడు జవాబు చెప్పలేదు. ఎనిమిది నెలల్లో వాడు తప్పించుకున్న ప్రశ్న ఇదొక్కటే. మిగతా వాటన్నిటికీ వాడి దగ్గర ప్రింటవుట్ ఉంది.

వడ్లాయన మంచి మనసుతో ఇంట్లో దాచుకున్న టేకు ముక్క తెచ్చి ముందు పెట్టాడు. మా వాడు ముట్టుకోలేదు. మొదట్లో వచ్చిన డ్రాగునోవ్‌లకు కట్టె భాగాలు ప్లైవుడ్‌తోనే చేశారట, పొర మీద పొర అతికించి. అందుకని ప్లైవుడే కావాలన్నాడు. పెద్దాయన చాలాసేపు వాడి మొహం చూశాడు. "నలభై ఏండ్ల సంది ప్లైవుడ్‌ను టేకు లెక్క చేసియ్యిమన్నోళ్లనే చూసిన. టేకొద్దు, ప్లైవుడే గావాలె అన్నోన్ని నిన్నే చూస్తున్న" అన్నాడు. ఒక మాట ఇక్కడే చెప్పాలి. మా బామ్మర్ది ఇంటి సింహద్వారం ప్లైవుడ్‌ది. దాని మీద టేకు గీతల స్టిక్కర్ ఉంది. గృహప్రవేశం రోజు వచ్చిన చుట్టాలందరికీ వాడు దాన్ని టేకనే చెప్పాడు.

ఆ తర్వాత స్క్రూ. కట్టెను ఇనుముకు బిగించే చోట ఒరిజినల్‌కు ఒంటి గాడి స్క్రూ ఉంటుందని వాడు ఎక్కడో చదివాడు. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర మొదలుపెట్టి మిర్యాలగూడ దాకా హార్డ్‌వేర్ దుకాణాలన్నీ తిరిగాడు. ఎక్కడ అడిగినా ప్లస్ స్క్రూలే. "గట్టిగ పడుతది, తీస్కపో అన్నా" అంటారు. గట్టిగా పట్టడం ఎవరిక్కావాలి? చివరికి ఏడవలేక ఆ ఒక్క చోట ప్లస్ స్క్రూ బిగించి, పైన నల్ల రంగు పూశాడు. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. నాకు పదకొండు గంటలకు ఫోన్ చేసి "బావా, మనసు మనసుల లేదే" అన్నాడు. ఎవరో పోయారనుకుని నేను బండి తాళాలు కూడా తీశాను.

తుపాకి ఒక్కటుంటే సరిపోదు, దాని సామాను కూడా ఉండాలి. కాన్వాస్ సంచి, బెల్టు, దుర్భిణి మూత, చెంప ఆనించుకునే దిండు, అన్నీ. రైఫిల్ చివర బాకు తగిలించుకునే ఏర్పాటు కూడా ఉంది. ఎనిమిది వందల మీటర్ల నుంచి కొట్టేవాడికి బాకుతో ఏం పని అని అడిగాను. "ఒరిజినల్‌కున్నది" అన్నాడు. ఈ ఒక్క మాటతో ప్రపంచంలో ఏ చర్చనైనా ముగించవచ్చని అప్పుడే అర్థమైంది. నేను కూడా ఇంట్లో వాడి చూశాను, పని చేయలేదు.

ఈ సామానులో నాకు బాగా నచ్చింది చలికాలం కిట్టు. దుర్భిణిలోని గీతలు మసక చీకట్లో కనబడేందుకు చిన్న బల్బు ఉంటుంది. రష్యా చలికి బ్యాటరీ నీరసపడుతుంది కాబట్టి, దాన్ని కోటు లోపల ఒంటి వేడిలో దాచుకుని వైరు మాత్రం బయటికి తీసే ఏర్పాటు చేశారు. మా వాడు టైలర్‌తో ఆ సంచి కుట్టించి, మే నెలలో, 45 డిగ్రీల ఎండలో, బ్యాటరీని బనీనులో పెట్టుకుని పరీక్షించాడు. వెచ్చగానే ఉందని ప్రకటించాడు.

దుర్భిణి ఇంకా పెద్ద కథ. అసలుదానిలో ఓ మూలకు వంకర గీత ఒకటి, దాని మీద 2, 4, 6, 8, 10 అంకెలు ఉంటాయి. అవి వందల మీటర్లు. ఎదుటి మనిషి పాదాల నుంచి తల దాకా ఏ అంకె కింద సరిగ్గా పడితే అంత దూరంలో ఉన్నట్టు. మనిషి ఎత్తు 1.7 మీటర్లని ముందే అనుకుని గీసిన గీత అది. జిరాక్స్ సెంటర్‌లో పారదర్శకం కాగితం మీద అది అచ్చు వేయించి, అద్దాల మధ్య ఇరికించి, చేనుగట్టున నిలబడ్డ మా అత్తను చూశాడు. అత్త ఐదడుగుల ఒక అంగుళం. టేపు పెట్టి కొలిస్తే సరిగ్గా 200 మీటర్లు, గీత ప్రకారం దాదాపు 220. యంత్రం తప్పు చెప్పదు కాబట్టి తప్పు అత్తదేనని తేలింది. సంగతి చెబితే ఆమె ఒక్కటే అంది: "మోటరు స్విచ్చెయ్యిరా అంటే ఇర్వై అడుగులు పోనోడు, నన్ను ఇర్వై మీటర్లు జరిపిండు."

దసరాకు ఆయుధ పూజలో ట్రాక్టర్, మందు కొట్టే పంపు, బోరు స్టార్టర్ పక్కన దీన్నీ పెట్టారు. పాండవులు జమ్మిచెట్టు మీద ఆయుధాలు దాచి, జనం దగ్గరికి రాకుండా శవాన్ని కట్టారని వింటాం. వాటికి కాన్వాస్ సంచి లేకపోవడం వల్లే అంత తిప్పలు పడ్డారని మా వాడి అభిప్రాయం. కుంకుమ బొట్టు మాత్రం పెట్టనివ్వలేదు. రంగు పాడవుతుందట. ఆ బొట్టు ట్రాక్టర్‌కు రెండుసార్లు పడింది.

ఇక్కడ నా సొంత గోడు కొంచెం వెళ్లబోసుకోవాలి. ఆ వానకాలంలోనే నేనూ వాడూ కలిసి పట్నంలో ఒక దుకాణంలో పత్తి విత్తనాలు కొన్నాం. ప్యాకెట్ మీద హోలోగ్రామ్ తళతళ మెరిసింది, లాట్ నంబర్ ఉంది, గడువు తేదీ ఉంది. ముద్రణలో ఒక్క అక్షరం తప్పు లేదు. వేసిన దాంట్లో సగం మొలవలేదు. మొలిచినవి ఏపుగా పెరిగి, కాయ కాయడం మరిచిపోయాయి. బెల్టు బకిలు రంగు 1963 నాటిదా, ఆ తర్వాతిదా అని మూడు వారాలు వెతికిన మనిషి, ఆ ప్యాకెట్లు కొనడానికి పట్టిన సమయం ఎంతో తెలుసా? చాయ్ చల్లారలేదు. నేనూ పక్కనే ఉన్నాను కాబట్టి వాణ్ని ఎక్కువ అనలేను. బిల్లు అడగడం ఇద్దరం మరిచిపోయాం.

స్నైపర్ అనే మాట పుట్టింది మన దేశంలోనే. 18వ శతాబ్దం చివర్లో ఇక్కడున్న ఇంగ్లీషు దొరలు చిత్తడి నేలల్లో స్నైప్ అనే పిట్టను వేటాడేవారు. పట్టుమని పిడికెడు లేని ఆ పిట్ట వంకరటింకరగా ఎగురుతుంది, దాన్ని కొట్టగలిగినవాడు గొప్ప గురికాడు. అదే కాలంలో మా జొన్న చేలల్లో మంచె మీద నిలబడి, వడిసెలతో రాయి విసిరి పిట్టలను తోలే పిల్లలు ఉండే ఉంటారు. వాళ్లకు ఎవరూ పేరు పెట్టలేదు. ఆ వడిసెలలే 1946 తర్వాత గుత్ప కర్రలతో, బర్మార్ తుపాకులతో కలిసి గడీల మీదికి, రజాకార్ల మీదికి పోయాయి. తాడు ఏ రంగుది, ముడి ఏ కాలపుదని అప్పుడు ఎవరూ అడగలేదు. పాపం, వాళ్లకు ఒరిజినల్ విలువ తెలియదు.

మొన్న కోతుల మంద పల్లి చేను మీద పడింది. మా ఊళ్లలో ఈ బాధ పడేవాళ్లకు చెప్పక్కర్లేదు. కొందరు పులి బొమ్మ ఫ్లెక్సీలు కడుతున్నారు, కొందరు పైపుల్లో కార్బైడ్ వేసి పేలుస్తున్నారు. అత్త వడిసెల కోసం అటక మీద వెతుకుతుంటే, మా వాడు రైఫిల్ తెచ్చి మంచె మీద, దుర్భిణి చేను వైపు తిప్పి నిలబెట్టాడు. మేమిద్దరం వేపచెట్టు చాటు నుంచి చూస్తున్నాం. మందలోని పెద్ద కోతి ఎక్కి వచ్చింది. గొట్టం కొసన వాసన చూసింది. మూత తీసి దుర్భిణిలోకి ఒక కన్ను పెట్టింది. తర్వాత తీరిగ్గా వెనక్కి జరిగి, చెంప దిండు మీద కూర్చుని, పిల్లకు పల్లీలు ఒలిచి పెట్టసాగింది.

చాలాసేపు మా వాడు ఏమీ మాట్లాడలేదు. మొహం పాలిపోయింది. నేను భుజం మీద చెయ్యి వేశాను.

"నేను ఆనాడే చెప్పిన గద బావా" అన్నాడు. "ఆ ప్లస్ స్క్రూ కాడ దొరికిపోయినం."