కొబ్బరికాయ లేచిన చోటు

(నల్లగొండ జిల్లా మర్రిగూడలో ఒక పెరడు. విశ్రాంత తెలుగు పండితుడు రంగయ్య, ఆయన భార్య సత్తెమ్మ.)

రంగయ్య: సత్తెమ్మా, నీళ్లు చూసే ఆయన అరచేతిలో పడుకోబెట్టిన కొబ్బరికాయ, మన పెరట్లో ఒక్క చోటికి రాగానే హెడ్మాస్టరును చూసిన పిల్లవాడిలా నిటారుగా లేచి నిలబడింది. నాలుగో బోరు అక్కడే వేయిద్దాం.

సత్తెమ్మ: మొదటి బోరుకు వేపపుల్ల వంగింది, రెండోదానికి మీటరు ముల్లు కదిలింది, మూడోదానికి మీ కుడికన్ను అదిరింది. మూడింటిలోనూ దుమ్మే లేచింది. ఆనాడు తీగమీద ఆరేసిన నా గద్వాల చీరను ఇప్పటికీ దులిపితే ఆ రాతిపిండి రాలుతూనే ఉంది.

రంగయ్య: అది రాతి దోషం. మన నేల కింద ఉన్నది గ్రానైటు కనుక, పైనున్న మొరం పొర దాటిన తర్వాత నీళ్లు పగుళ్లలోనే దొరుకుతాయి. పగులు తగిలిన చోట రెండించుల నీళ్లు పడితే, పక్కనే పది అడుగుల దూరంలో చుక్క కూడా ఉండకపోవచ్చు.

సత్తెమ్మ: మరి 300 అడుగులు దాటితే అడుగు రేటు పెరుగుతుందని బోరుబండి ఆయన హెచ్చరించినా, "దుమ్ములో చెమ్మ కనబడుతోంది, ఇంకా దింపండి" అని చేయి ఊపింది గ్రానైటా, మీరా? ఆ చెమ్మ మీ గ్లాసులోంచి ఒలికిన చాయ్ అని నాకు అప్పుడే తెలుసు.

రంగయ్య: (గొంతు సవరించుకొని) ఈసారి 2002 నాటి వాల్టా చట్టం, అదే నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం అనుమతి తీసుకొని మరీ వేయిస్తాను.

సత్తెమ్మ: అనుమతి కాగితాన్ని పిండితే నీళ్లు వస్తాయా? వచ్చినా, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించి ఫ్లోరైడు ఉంటే, మీ అన్నగారి వంగిన నడుము చూసిన నేను ఆ నీళ్లతో పప్పు వండను. తాగడానికి నల్లాలో కృష్ణా నీళ్లు వస్తూనే ఉన్నాయి కదా!

రంగయ్య: వంటకు కాదు, బత్తాయి చెట్లకు.

సత్తెమ్మ: సరే, ఆ కాయ ఎక్కడ లేచిందో చూపించండి.

(ఆయన తులసికోట ముందు ఆగాడు.)

సత్తెమ్మ: ఇది మన మొదటి బోరు! వదిలేసిన బోర్లను మూసివేయాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పిందంటూ, కేసింగు పైపుకు మూత బిగించి, దానిమీద ఈ కోట కట్టించింది మీరే.

రంగయ్య: (కాసేపు ఆలోచించి) అయితే మరీ మంచిది. 420 అడుగులు ముందే తవ్వి ఉన్నాయి.

సత్తెమ్మ: అంటే మొదటి అడుగుకే పెరిగిన రేటు కట్టాలన్నమాట.