సవరణ: మాన్‌స్టెరా అల్బో ముక్కకు కణుపు తప్పనిసరి

మాన్‌స్టెరా అల్బో అనే తెల్ల మచ్చల ఆకుల ఇంటి మొక్కను ముక్కతో పెంచడం గురించిన క్రితం పోస్టులో ‘ఆకును కాడతో సహా కోసి నీళ్లలో పెట్టండి’ అని ఉంది. దాన్ని ‘కాండాన్ని కణుపుతో సహా కోయండి’ అని చదువుకోవాలి. ఉత్త ఆకు కాడకు ఒక్కోసారి వేళ్లు వస్తాయి, నెలల తరబడి పచ్చగానే ఉంటుంది కూడా. కానీ చిగురు వేసే మొగ్గ కణుపు దగ్గరే ఉంటుంది. ఉత్త కాడకు అది లేదు కాబట్టి చిగురు ఎప్పటికీ రాదు.

కణుపుకు అటూ ఇటూ 2-3 సెం.మీ. కాండం ఉంచి, స్పిరిట్‌తో తుడిచిన కత్తితో కోయండి. కోత ఆరాక, తడిపి గట్టిగా పిండిన స్ఫాగ్నమ్ నాచులో పెట్టండి. నీళ్లోడే నాచులో పెడితే కోత గోధుమరంగుకు తిరిగి, మెత్తబడి కుళ్లిపోతుంది.

ముక్కను ఎంచుకునేటప్పుడు ఆకు అందం చూసి మోసపోకండి, కాండం చూడండి. మొగ్గ మీదుగా తెలుపు, ఆకుపచ్చ చారలు రెండూ పోవాలి. పూర్తిగా తెల్లటి మొగ్గ నుంచి వచ్చే ఆకుల్లో పత్రహరితం ఉండదు. ఎంత ముచ్చటగా ఉన్నా ఆ ముక్క నిలవదు.