సగం ధర అడిగే ముందు స్పీకర్ జాలీ తీయండి

"చెప్పిన ధరలో సగం నుంచి మొదలుపెట్టండి" అని పాత సామాన్లు కొనడం గురించిన మీ వ్యాసంలో రాశారు. మా కర్నూలులో అలా అడిగితే గుమ్మం దగ్గరే సాగనంపుతారు. పోయిన నెల బి.క్యాంపులో ఒక రిటైర్డ్ మాస్టారి ఇంట్లో పాత స్పీకర్ల జత చూశాను. 9,000 అన్నారు. ముందున్న జాలీ తీసి, కోన్ (శబ్దం పుట్టించే గరాటు లాంటి భాగం) చుట్టూ ఉన్న ఫోమ్ మీద వేలు పెడితే పొడిపొడిగా రాలింది. "సార్, మీరే చూడండి" అన్నాను, అంతే. బేరమే ఆడలేదు. కోన్‌ని మెల్లగా నొక్కితే గీసుకునే శబ్దం రాలేదు. 8 ఓమ్‌ల స్పీకర్‌కి మల్టీమీటర్ (నిరోధం కొలిచే మీటర్) 6 దాకా చూపించింది; అలా కాస్త తక్కువ చూపించడం మామూలే, లోపలి తీగచుట్ట (కాయిల్) బాగున్నట్టే. ఫోమ్ మార్పించే ఖర్చు లెక్కేసుకుని 6,500కి ఆయనే దిగారు. ఆటోలో ఎక్కిస్తుంటే మాస్టారి ఇంటి అమ్మగారు మాత్రం "ఇన్నాళ్లకి హాల్లో మూల కనిపించింది నాయనా" అన్నారు!