పదో తరగతి ‘బి’ సెక్షన్ వాట్సాప్ గ్రూపు గారికి బహిరంగ లేఖ

బెంగళూరు,
గణితం పరీక్షకు ముందు రోజు రాత్రి.

ఇట్నుంచి: చివరి బెంచీ, పదో తరగతి ‘బి’.
అటువైపు: శ్రీ గ్రూపు గారికి, అందరి ఫోన్లలో.
విషయం: నోట్సు పంపకం, లీడరు చాకిరీ, తదితర అభ్యంతరాలు.

మాన్యులైన గ్రూపు గారూ,

చిరునామా, విషయం, సంబోధన లేకపోతే మార్కులు కోస్తామని కన్నడ టీచరూ ఇంగ్లిషు టీచరూ ఒకే మాటగా చెప్పారు కాబట్టి ముందు ఆ లాంఛనాలు ముగించాం. ఇక సంగతికి వస్తాం.

తమరు జూన్‌లో పుట్టారు. లీడరు పిల్ల తమకు ‘హోంవర్కుకి మాత్రమే’ అని పేరు పెట్టింది. ఆ ‘మాత్రమే’ వారం కూడా నిలవలేదు. పైగా తమ సభ్యుల్లో సగం మంది మేం కాదు, మా అమ్మలు. మారతహళ్ళి, కె.ఆర్.పురం వైపు తెలుగు ఇళ్ళల్లో సొంత ఫోను అన్నది పదో తరగతి గట్టెక్కాక మాట్లాడుకునే విషయం. కాబట్టి త్రికోణమితి సూత్రాలు అమ్మ ఫోనులోకి వచ్చి, అపార్ట్‌మెంటు నీళ్ళ ట్యాంకరు మెసేజీకీ నెల్లూరు పెద్దమ్మ పంపిన శుభోదయం గులాబీకీ మధ్య చోటు చూసుకుంటాయి. ఫోను నిండిపోయిందని అమ్మ ఒకరోజు అన్నీ తుడిచేస్తుంది. గులాబీతో పాటు గణితమూ పోతుంది. అయినా ఎవరికీ దిగులు లేదు. మళ్ళీ అడిగితే తమరు మళ్ళీ ఇస్తారు కదా!

ఇక్కడే మాకు మొదటి అభ్యంతరం. కర్ణాటక ఎస్సెస్సెల్సీ గణితం పేపరులో 38 ప్రశ్నలు, 80 మార్కులు. రాయడానికి మూడు గంటలు, ప్రశ్నలు చదువుకోవడానికి పైన 15 నిమిషాలు. లెక్క వేస్తే మార్కుకు రెండుంపావు నిమిషాలు. నాలుగు మార్కుల సిద్ధాంతం ఎంత పెద్దదైనా తొమ్మిది నిమిషాల్లో తెమలాలి. థేల్స్ సిద్ధాంతానికి బొమ్మ గీసి, దత్తాంశం రాసి, సారాంశం రాసి, నిర్మాణం చూపించి, రెండు త్రిభుజాల వైశాల్యాల నిష్పత్తి దగ్గరికి వచ్చేసరికే అయిదు నిమిషాలు కరిగిపోతాయి. అక్కడ చెయ్యి ఆగిందంటే తమ దగ్గర దాచుకున్న ఫైళ్ళు ఆదుకోవు. డౌన్‌లోడు చేసుకున్న ప్రతివాడికీ సగం చదివేసినంత తృప్తి ఇచ్చి పంపుతున్నారు తమరు. ఇంకొకరి నోట్సు తిరగేస్తుంటే అంతా తెలిసినట్టే ఉంటుంది. పుస్తకం మూసి తెల్ల కాగితం ముందు కూర్చుంటే మూడో మెట్టు గుర్తురాదు. ఆ కాగితం మీద కొట్టివేతలతో నిండిన ప్రయత్నాన్ని ఫొటో తీసి పెట్టినవాడు తమ చరిత్రలో ఒక్కడూ లేడు. అందంగా, రెండు రంగుల పెన్నులతో ఉన్న నోట్సే పెడతారు. అందం ఎక్కువైనకొద్దీ బొటనవేలు గుర్తులూ ఎక్కువ.

పంపకం అంటే గుర్తొచ్చింది, కాన్వెక్స్ లెన్సు వ్యవహారం ఒకటి తమ దృష్టికి తేవాలి. ఇది చిన్న విషయం కాదు. నిదానంగా చదవండి.

పాఠ్యపుస్తకంలో ఉన్న లెక్కే. ఫోకల్ లెంగ్తు 10 సెంటీమీటర్లు, వస్తువు 15 సెంటీమీటర్ల దూరంలో, ఎత్తు 2 సెంటీమీటర్లు. వస్తువు దూరం u, ప్రతిబింబం దూరం v అనుకుంటే, లెన్సుకు 1/v లోంచి 1/u తీసేయాలి, అద్దానికి కలపాలి. ఎవరో పుణ్యాత్ముడు అద్దం పాఠం నోట్సు చూసుకుంటూ లెన్సు నోట్సు రాశాడు. తీసివేత గుర్తు ఉండాల్సిన చోట కూడిక పడింది. u విలువ మైనస్ 15 అని మాత్రం సరిగ్గానే వేశాడు. సరైన దారిలో వెళితే v విలువ 30 సెంటీమీటర్లు వస్తుంది. ప్రతిబింబం తలకిందులుగా, వస్తువుకు రెట్టింపుగా, 4 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. తమరు పంచిన దారిలో వెళితే 6 సెంటీమీటర్లు. ప్రతిబింబం తలకిందులే కానీ 0.8 సెంటీమీటర్లకు కుంచించుకుపోతుంది. బొమ్మ గీసి చూసుకున్నవాడికి తేడా ఇట్టే తెలుస్తుంది, ఎందుకంటే F కీ 2F కీ మధ్య, అంటే ఫోకల్ లెంగ్తుకూ దాని రెట్టింపుకూ నడుమ ఉన్న వస్తువుకు చిన్న ప్రతిబింబం రానే రాదు. బొమ్మ గీసే ఓపిక ఎవరికుంది? జవాబు కింద గీత కొట్టి పెట్టాడు కదా, చాలు.

ఆ ఫైలు ‘ఎ’ సెక్షనుకు వెళ్ళింది, అక్కడి నుంచి రెండు ట్యూషన్లకు వెళ్ళింది, తిరిగి తమ దగ్గరికే వచ్చినప్పుడు నెత్తిన రెండు బాణాల గుర్తు ఉంది. అంటే చాలా చేతులు మారిందని అర్థం. మనవాళ్ళకు మాత్రం అది హాల్‌మార్కు. ఇంతమంది పంపారంటే తప్పెలా ఉంటుంది అంటారు. మర్నాడు మూడో బెంచీ అమ్మాయి ఒకతె ‘నాలుగో పేజీలో గుర్తు తప్పు, మైనస్ ఉండాలి’ అని రాసింది. దానికి ఒక్క బొటనవేలు కూడా రాలేదు. పంపినవాడు నాలుక కరుచుకుని, తుడిచేసే గడువు రెండు రోజుల పైచిలుకు ఉంటుంది కాబట్టి, ఆ ఫైలును ‘అందరికీ డిలీట్’ కొట్టాడు. ఇక్కడ పోయింది. ఇక్కడి నుంచి వెళ్ళినవి అక్కడే ఉన్నాయి. మైనస్ గుర్తు మెసేజీని ‘ఎ’ సెక్షనుకు ఎవరూ పంపలేదు. తిలా పాపం తలా పిడికెడు అన్నారు పెద్దలు. తమరు వచ్చాక తలా పిడికెడు కాదు, తలా ఒక పూర్తి కాపీ.

రెండో అభ్యంతరం ఆ ఫొటోల మీద. రాత్రి ట్యూబులైటు కింద, ఫోను పట్టుకున్న చేతి నీడ సరిగ్గా జవాబు మీద పడేలా తీస్తారు. స్పైరల్ పుస్తకం మడత దగ్గర పేజీ వంపు తిరిగి, ప్రతి వరుసలో మొదటి రెండక్షరాలు లోయలో పడిపోతాయి. తర్వాత స్కానరు యాప్‌లో నలుపు తెలుపు ఫిల్టరు నొక్కుతారు. పెన్ను నిలుస్తుంది, పెన్సిలు చచ్చిపోతుంది. రే డయాగ్రమ్ మొత్తం పెన్సిలే కదా! లెన్సు ఒక్కటి మిగిలి, కిరణాలు మాయమవుతాయి. దాన్ని డాక్యుమెంటుగా పంపకుండా మామూలు ఫొటోగా పంపితే తమరు మళ్ళీ కుదించి, ఘాతాంకం 2 నో 3 నో తెలియకుండా చేస్తారు. ఇరవై రెండు పేజీలు ఇరవై రెండు విడి ఫొటోలుగా వస్తాయి. మధ్యలో ఎవడో ‘థాంక్స్ మచ్చా’ అంటాడు, ఇంకెవడో ‘రేపు ఏ పరీక్ష?’ అని అడుగుతాడు, అంతే, పదకొండో పేజీ తర్వాత పదమూడోది వస్తుంది.

కిటికీ పక్కన పగటి వెలుతురులో, పుస్తకం విప్పి రెండు అంచుల మీదా స్కేళ్ళు పెట్టి, ఫోను పేజీకి సమాంతరంగా పట్టుకుని, రంగు ఫిల్టరులోనే ఉంచి, అన్నీ ఒకే పీడీఎఫ్‌గా కట్టి, పేరులో పాఠమూ తేదీ వేసి డాక్యుమెంటుగా పంపితే పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు పెట్టేది క్లాసులో ఇద్దరు. మిగతా అందరం ‘ఎవరైనా పెట్టండి ప్లీజ్’ బ్యాచి. అందరూ పల్లకీ ఎక్కేవాళ్ళే!

పెన్సిలు చావడం వల్ల అసలు నష్టం సైన్సుకు కాదు, కన్నడకు. ప్రథమ భాష 125 మార్కులు, మిగతా అయిదు సబ్జెక్టులు తలా వంద, మొత్తం 625. అందులో అయిదో వంతు కన్నడే. ఆటో అన్నతో బేరమాడేంత కన్నడ మన తెలుగు పిల్లలకు దండిగా ఉంది. పేపరులో ఛందస్సు ప్రశ్న వస్తే మాత్రం గుడ్లు తేలేస్తారు. పద్యం రాసి, అక్షరాల మీద లఘు గురువుల గుర్తులు వేసి, గణాలు విడదీసి, ఛందస్సు పేరు చెప్పాలి. ఆ గుర్తులు అందరూ పెన్సిలుతోనే వేస్తారు. తమరు పంచిన కాపీలో పద్యం ఉంది, గుర్తుల్లేవు. ఉత్పలమాలకు భ ర న భ భ ర, చివర లఘువు, గురువు అని ఇంట్లో తాతయ్యను అడిగితే నిద్రలో లేపినా చెబుతారు. తెలుగులోనూ కన్నడలోనూ ఆ లెక్క ఒక్కటే. ఆరు పాదాల కన్నడ పద్యం భామినీ షట్పది మాత్రం తాతయ్యకు అంత పరిచయం ఉండదు. ఒకటి, రెండు, నాలుగు, అయిదు పాదాల్లో మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలు. మూడో పాదం, ఆరో పాదం పొడుగువి. అక్కడ ఆ మూడు నాలుగు జత మూడుసార్లు వచ్చి చివర ఒక గురువు. ఈ నాలుగు ముక్కలు ఎవరైనా టైపు చేసి పెడితే తమ జన్మ ధన్యమయ్యేది. పెట్టలేదు. ఆ రోజు క్రికెట్ ఉంది.

లీడరు విషయానికి వద్దాం. బడిలో ఎన్నిక పెట్టారు, గ్రౌండులో అందరి ముందూ భుజానికి పట్టీ వేశారు, బ్యాడ్జీ పెట్టారు, ప్రమాణం చేయించారు. నాయకత్వ లక్షణాలు పెంపొందుతాయన్నారు. తర్వాత అప్పగించిన పని సుద్దముక్కలు తేవడం, టీచరు లేనప్పుడు బోర్డు మీద ‘మాట్లాడినవారు’ అని శీర్షిక పెట్టి మా పేర్లు రాయడం. సాయంత్రం ఇంటికెళ్ళాక తమరికి అడ్మిన్ ఉద్యోగం. ‘రేపు ఏ పరీక్ష?’ అని రాత్రి పది దాటాక అడిగేవాడికి టైంటేబుల్ మళ్ళీ పెట్టాలి. ఆ టైంటేబుల్‌ను పిన్ చేసుకుంటే నెలరోజులు పైనే అంటుకుని ఉంటుందని ఆ పిల్లకు తెలుసు, పిన్ కూడా చేసింది. పైకి చూసే అలవాటు మాకు లేదు. అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా తాళం వేసే బటన్ ఉంది. ఒకసారి వేసింది. పది నిమిషాల్లో ‘ఏం, పెద్ద లీడరా?’ అని ఇంకో గ్రూపు పుట్టింది, ఆమె లేకుండా.

మా చివరి బెంచీ అభిప్రాయం ఏమిటంటే, బ్యాడ్జీ ఆ పిల్లకే ఉండనివ్వండి, కానీ నాలుగో పేజీలో గుర్తు తప్పని రాసిన మూడో బెంచీ అమ్మాయిని కూడా అడ్మిన్ చెయ్యండి. అడ్మిన్‌కు ఎవరి మెసేజీనైనా తీసేసే హక్కు ఉంటుంది. తప్పున్న ఫైలు తీసేసి, దిద్దిన దాన్ని అది వెళ్ళిన దార్లన్నింటిలో పంపించే పని ఒకరు నెత్తిన వేసుకోవాలి. ఆ పనికి ఎన్నిక పెడితే ఎవరూ నిలబడరని మాకూ తెలుసు.

ఇదిగో, ఇది రాస్తుండగానే తమలో ‘రేపటి పేపరు, వంద శాతం గ్యారంటీ’ అని ఒకటి పడింది. గ్రూపు గారూ, సిగ్గు లేదా? ప్రశ్నల పక్కన మార్కులు లేవు. వరసగా లెక్కపెడితే 38 ప్రశ్నలు కూడా రావడం లేదు. బోర్డువారు ఇచ్చిన నమూనా పేపరు పక్కన పెట్టుకుని చూస్తే అరనిమిషంలో బండారం బయటపడుతుంది. ఈ ఊళ్ళో నిజంగా లీకైన సందర్భం లేదనడం లేదు. 2016 మార్చి 21న రాసిన ద్వితీయ పీయూ (మన ఇంటర్ రెండో ఏడు) కెమిస్ట్రీ పేపరు లీకైందని పరీక్ష రద్దు చేశారు. మార్చి 31న మళ్ళీ పెట్టబోతే అదీ లీకైంది. చివరికి ఏప్రిల్ 12న రాయించారు. అంటే నిజమైన లీకు వల్ల కూడా కలిగే భాగ్యం, అదే పాఠం మూడుసార్లు చదువుకోవడం. పైగా 2024 నుంచి పరీక్ష గదుల్లో వెబ్‌కాస్టింగ్ కెమెరాలు. 2023లో 83.89 శాతమున్న ఎస్సెస్సెల్సీ ఉత్తీర్ణత ఆ ఏడు 73.40కి దిగింది. తప్పిన వాళ్ళకు అదే ఏడాదిలో మళ్ళీ రాసే పరీక్షలు ఉన్నాయిలెండి. వాటికీ తమరు ‘గ్యారంటీ’ పేపర్లు సిద్ధం చేస్తారని నమ్మకం ఉంది.

ఆఖరి అభ్యంతరం, మాకు కడుపులో నొప్పి పుట్టిస్తున్నది. మొన్న హాల్ టికెట్లు ఇవ్వగానే ‘ఫైనల్లీ’ అని సగం మంది ఫొటో తీసి తమలో పెట్టారు. రిజిస్టరు నంబరు కొట్టొచ్చినట్టు కనబడుతోంది. ఫలితాల సైటు అడిగేవి రెండే: రిజిస్టరు నంబరు, పుట్టిన తేదీ. పుట్టిన తేదీలు ఎక్కడ దొరుకుతాయంటారా? ఏడాది పొడుగునా కేకు బొమ్మలతో, బెలూన్లతో, పేరుపేరునా తమరే పంచారు. పుట్టిన సంవత్సరం ఒకటో రెండో ప్రయత్నాల్లో దొరుకుతుంది, అందరం ఒకే ఈడు వాళ్ళం. ఫలితాల రోజు మా మార్కులు మాకన్నా ముందు తమ సభ్యులకు తెలుస్తాయి. సభ్యుల్లో సగం అమ్మలని ముందే మనవి చేశాం. అక్కడి నుంచి నెల్లూరు పెద్దమ్మకు ఎంతసేపు?

కాబట్టి లీడరు గారికి తమ ద్వారా మనవి. రేపు పొద్దున లేవగానే ఆ హాల్ టికెట్ ఫొటోలన్నీ తీసేయించండి. ఇప్పుడే తమకు తాళం వేసి, పరీక్ష అయ్యాక తీయండి. ఇంకో గ్రూపు పుడితే పుట్టనివ్వండి, అందులో ఉన్నదంతా మేమే కదా, మేం పడుకుంటున్నాం.

ఇట్లు,
తమ విధేయులు,
చివరి బెంచీ.
(రిజిస్టరు నంబర్లు రాయడం లేదు. పుట్టిన రోజులు తమ దగ్గర ఎలాగూ ఉన్నాయి.)