ఆగ్నేయంలో వంటిల్లు, అర్ధరాత్రి పోటు

స్థలం చూడటంలో మనల్ని మించినవాళ్లు లేరు. ఊరికి ముప్పై కిలోమీటర్ల అవతల తుమ్మచెట్ల మధ్య నిలబడి, ఇక్కడికి మెట్రో వస్తుందని కళ్లు మూసుకుని చెప్పగలం. ఇంత విద్య చేతిలో పెట్టుకుని కూడా, ఉత్తర అమెరికా పడమటి తీరంలో కయాక్‌లనే సన్నటి తెడ్డు పడవలు వేసుకుని తిరిగేవాళ్లు రాత్రికి టెంటు ఎక్కడ వేయాలో తెలియక అల్లాడుతుంటే చూస్తూ ఊరుకోవడం జాతికి శోభనివ్వదు.

సియాటిల్ దగ్గరి పూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ నుంచి అలాస్కాలోని స్కాగ్వే దాకా దీవుల చాటున సాగే ఇన్‌సైడ్ పాసేజ్ అనే పడవల దారి వెయ్యి మైళ్లకు పైమాటే. తెడ్డేసుకుంటూ పోతే రెండు మూడు నెలలు. అంత తీరంలో ఆరడుగుల చోటు దొరకదా అంటారేమో. చాలా చోట్ల దొరకదు. కొండ నిట్టనిలువుగా నీళ్లలోకి దిగుతుంది, అడవి అలల అంచు దాకా వస్తుంది, మధ్యలో మిగిలేవి రాళ్లు. ఒక్క పూజెట్ సౌండ్‌లో మాత్రం 1993 నుంచి కాస్కేడియా మెరైన్ ట్రైల్ అని రెడీమేడ్ స్థలాలున్నాయి గానీ, అక్కడ తెడ్డుతోనో తెరచాపతోనో వచ్చినవాళ్లకే చోటు. కారు పార్కింగ్ లేని లేఅవుట్ గురించి మాట్లాడి టైం వేస్ట్ చేసుకోవద్దు.

ముందు వాస్తు. ఆ తీరంలో ఆగ్నేయం నుంచి వచ్చేది అగ్ని కాదు, తుఫాను గాలీ వానా. ఎండ కాసే రోజుల గాలి వాయవ్యానిది. కాబట్టి ఆగ్నేయం తెరిచి ఉన్న బీచ్ ఎంత ముచ్చటగా ఉన్నా వదిలేయాలి. అలాస్కాలోని కెచికాన్ ఊళ్లో ఏటా 3,500 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. ఈశాన్యం పల్లంగా ఉండాలని పట్టుబట్టినవాడి స్లీపింగ్ బ్యాగ్ తెల్లారేసరికి ఈశాన్యంలోనే తేలుతుంటుంది.

వంటింటి సంగతి మరీ ఘోరం. అలాస్కాలోనే ఉన్న గ్లేసియర్ బే నేషనల్ పార్కు వాళ్లు టెంటుకి కనీసం 100 గజాల దూరంలో, పోటు వస్తే మునిగే చోట వండుకుని తినమంటారు. రాలిన మెతుకుని సముద్రం కడుక్కుపోతుంది, వాసన పట్టుకుని ఎలుగుబంటి రాదు. మనవాడు వంద గజాల్లో డూప్లెక్స్ కట్టి కింది పోర్షన్ అద్దెకిస్తాడు. వీళ్లు అంత జాగా వంటింటికీ పడకకీ మధ్య ఊరికే వదిలేస్తున్నారు.

ఇక లెవెల్. దారి మధ్యలో, కెనడా ఊరు ప్రిన్స్ రూపర్ట్ ప్రాంతంలో పెద్ద పోటుకీ పాటుకీ ఎత్తులో దాదాపు 7 మీటర్ల తేడా. రెండంతస్తుల ఇల్లు మునిగిపోతుంది. సాయంత్రం, నీళ్లు వెనక్కి తగ్గిన పాటు వేళ దిగినవాడికి బీచ్ ఎకరాల్లో కనిపిస్తుంది. బ్రోచర్లో వేసే ఫొటో అదే. వేసవిలో పున్నమికీ అమావాస్యకీ, రోజూ వచ్చే రెండు పోట్లలో పెద్దది అర్ధరాత్రి దాటాక వచ్చి రిజిస్ట్రేషన్ రద్దు చేస్తుంది. అందుకే తెలిసినవాళ్లు నాచు గీతలు చదువుతారు. తడిగా, పచ్చగా మెరిసే గీత మధ్యాహ్నం పోటుది. దానికి పైన ఎండి నల్లబడి, కాలు వేస్తే కరకరలాడేది పోయిన పున్నమిది. ఎత్తి చూస్తే దాని కింద చిన్న పురుగులు గెంతుతుంటాయి. ఆ పైన అడ్డదిడ్డంగా పడి ఉన్న దుంగలు చలికాలం తుఫాన్లు విసిరేసినవి. రెండో గీతకీ దుంగలకీ మధ్య టెంటు పట్టిందా, అదే గేటెడ్ కమ్యూనిటీ. అక్కడైనా ఆ రాత్రి పోటు ఎంతో పోటుపాట్ల పట్టికలో చూసుకోకుండా నిద్రపోకూడదు.

నది మొగలో చదునైన నేల, పచ్చగడ్డి, మంచినీళ్లు, రెండు వైపులా నీటి ముఖం. కార్నర్ బిట్టు! మనవాడు చూడగానే టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేస్తాడు. ఆ గడ్డి వసంతంలో గ్రిజ్లీ ఎలుగుబంట్ల మేత. సాల్మన్ చేపలు ఏరెక్కే రోజుల్లో అవి పిల్లలతో సహా దిగుతాయి. పొజిషన్ వాటిది, కోర్టుకెళ్లినా లాభం లేదు.

అన్నిటికన్నా మంచి ప్లాట్లు దూరం నుంచే తెల్లగా మెరుస్తాయి. గుప్పెడు తీసి చూస్తే ఇసుక కాదు, ఆల్చిప్పల ముక్కలు. వేల ఏళ్లు అక్కడ కాపురమున్నవాళ్లు తిని పారేసినవి. గాలి తగలని మూల, నీరు నిలవని నేల, పడవ పైకి లాగడానికి పెద్ద రాళ్లు పక్కకి జరిపి చేసిన దారి, అన్నీ రెడీ. 1862 మశూచితో ఈ తీరంలో ఎన్నో ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఖాళీ జాగా కనబడితే రాత్రికి రాత్రే ప్రహరీ లేపడం మనకు వెన్నతో పెట్టిన విద్య. కానీ ఈ తీరంలో కెనడా రాష్ట్రమైన బ్రిటిష్ కొలంబియాలో చాలా భూమిని ఆదివాసులు ఏ ఒప్పందంలోనూ ఎవరికీ రాసివ్వలేదు. 2024లో అక్కడి ప్రభుత్వం హైడా గ్వాయి దీవుల మీద హైడా ప్రజల భూమిహక్కును చట్టం చేసి మరీ గుర్తించింది. వారసులు ఎక్కడికీ పోలేదు. ఎక్కడ దిగవచ్చో, ఎక్కడ దిగకూడదో అడిగితే చెబుతారట.

అడిగి దిగడమట! మధ్యలో బ్రోకరుకి ఎంత పర్సెంటో కూడా ఎవరూ చెప్పడం లేదు.