ప్రతి కౌబాయ్ కుర్రాడూ బిల్లీ ద కిడ్ కాదు మహాప్రభో!

ఇంకొకాయన బయల్దేరాడు. చేతిలో అరిగిపోయిన టిన్‌టైప్ (ఇనుప రేకు మీద తీసిన పాతకాలపు ఫోటో), అందులో టోపీ పెట్టుకున్న కుర్రాడు, ముందుపళ్ళు కాస్త ఎత్తు. అంతే, ఒకప్పటి అమెరికన్ బందిపోటు బిల్లీ ద కిడ్ అట! ముఖాలు పోల్చే సాఫ్ట్‌వేర్ కూడా ఒప్పుకుందట.

ఈ పిచ్చికి కారణం తెలిసిందే. న్యూ మెక్సికోలోని ఫోర్ట్ సమ్నర్‌లో 1880 ప్రాంతంలో తీసిన బిల్లీ టిన్‌టైప్, 2011లో డెన్వర్ వేలంలో 23 లక్షల డాలర్లకు పోయింది. అరచేతిలో పట్టే ఇనుప రేకు ముక్క! కానీ అంత పలికింది ముఖం చూసి కాదు. బిల్లీ దాన్ని స్నేహితుడు డాన్ డెడ్రిక్‌కి ఇచ్చాడు, తర్వాత అది ఆ కుటుంబంలోనే ఉంది. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో చెప్పగలిగారు. అది వదిలేసి వీళ్ళు చెవి తమ్మెలు కొలుస్తున్నారు. కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే ఇదే.

టిన్‌టైప్‌కి నెగటివ్ ఉండదు, రేకు మీద పడ్డ బొమ్మే ఫోటో. అందుకే కుడి ఎడమలు తారుమారవుతాయి. పిస్టల్ ఎడమవైపు కనబడేసరికి బిల్లీది ఎడమచేతి వాటమని ఎన్నో ఏళ్ళు చెప్పుకున్నారు. అతని చేతిలోని 1873 మోడల్ వించెస్టర్‌ని చూసుంటే సరిపోయేది. తూటాలు ఎక్కించే మూత ఆ తుపాకీకి కుడివైపు ఉంటుంది, ఫోటోలో ఎడమవైపుంది. చూడాల్సింది అలాంటివి.

ఇక తుపాకీ పట్టుకుంటే బందిపోటే అనుకోవడం ఒకటి. చాలాసార్లు ఆ తుపాకీ స్టూడియో వాళ్ళదే, వెనకాల రంగుల తెర లాగే. అసలు బందిపోట్లేమో 1900లో ఫోర్ట్ వర్త్‌లోని జాన్ స్వార్ట్జ్ స్టూడియోకి సూట్లు, బౌలర్ టోపీలతో పెళ్ళిచూపులకి వెళ్ళినట్టు వెళ్ళారు. బుచ్ కాసిడీ, సన్‌డాన్స్ కిడ్, ఇంకో ముగ్గురు. ఆ సరదా ఫోటోతోనే పింకర్టన్ అనే ప్రైవేటు సంస్థ డిటెక్టివ్‌లు వాళ్ళ వెంటపడ్డారు. అమెరికా ఆదివాసీ యోధుడు క్రేజీ హార్స్ ఫోటో అని అమ్మేవాళ్ళకైతే ఓ దణ్ణం. అందరూ ఒప్పుకున్న ఫోటో ఆయనది ఒక్కటీ లేదు.

పోనీ, డబ్బున్నవాళ్ళు మోసపోతే మనకేంటి అనుకోవచ్చు. నాకు కడుపు మండేది వేరే విషయంలో. ఈమధ్య ఒక ఆంటిక్ షాపులో తోలు అట్టల ఆల్బమ్ తెరిచి చూశాను. అరలన్నీ ఖాళీ. ఒక అర కింద మాత్రం పెన్సిల్‌తో ‘అత్త, ఒమాహా’ అని ఉంది. అందులోని కార్డులన్నీ, అంటే అట్టకి అంటించిన పాత ఫోటోలన్నీ, పక్కన అట్టపెట్టెలో, ఒక్కోదానికి ఒక్కో ధర. అదేమని అడిగితే, ఆల్బమ్‌గా ఎవరూ కొనరు, విడిగా అయితే పోతాయి అన్నాడు షాపాయన. అదే పెట్టెలో తుపాకీ కుర్రాడొకడికి ‘బహుశా జెస్సీ జేమ్స్’ అని ఇంకో పేరున్న బందిపోటు పేరుతో చీటీ, మిగతావాటికన్నా ఎన్నో రెట్ల ధర!

క్యాబినెట్ కార్డు, అంటే ఆనాటి పెద్ద సైజు ఫోటో కార్డు, తిప్పి చూస్తే ఫోటోగ్రాఫర్ పేరు, ఊరు చాలావరకు అచ్చేసి ఉంటాయి. ఇంకా పాత చిన్న కార్డు వెనక పన్ను స్టాంపు అంటించి ఉంటే అది 1864 సెప్టెంబర్, 1866 ఆగస్టు మధ్య అమ్ముడైందని దాదాపు ఖాయం. ఊరు, కాలం ఇలా పట్టుకోవచ్చు. మనిషి పేరు మాత్రం ఆ పెన్సిల్ రాతలోనే ఉంటుంది. లేని పేరు అంటించి అమ్మడం కోసం ఉన్న పేరు పారేస్తున్నారు.

విడగొట్టక తప్పదంటారా, కార్డులు తీసేముందు పేజీలన్నీ ఫోన్‌తో ఫోటో తీయండి. కింద రాసున్న పేరు కార్డు వెనక మెత్తటి పెన్సిల్‌తో ఎక్కించండి. బాల్‌పెన్ మాత్రం వాడకండి, ముందువైపుకి నొక్కులు పడతాయి.