ప్రజాస్వామ్య సూచీ సారుకు, ఎనుమాముల యార్డు నుంచి

గౌరవనీయులైన సూచీ సారుకు,

వరంగల్ నుంచి నమస్కారాలు. మీరూ మా మిర్చీ ఒకే కాలంలో దిగుతారు. ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే ఎనుమాముల మార్కెట్ నిండా ఎర్ర బస్తాలు, పేపర్ల నిండా దేశదేశాల ప్రజాస్వామ్యానికి మార్కులేసే మీ నివేదికలు. రెండూ ఘాటే. మిర్చికి ఇక్కడి హమాలీలు తుమ్ముతారు, మీకు ఢిల్లీలో తుమ్ముతారు.

మీరు ముగ్గురని తెలుసు. పెద్ద సారు ఫ్రీడమ్ హౌస్, ఉండేది వాషింగ్టన్. 1973 నుంచి ప్రపంచానికి లెక్క కడుతున్నాడు. రాజకీయ హక్కులకు 40, పౌర స్వేచ్ఛలకు 60, మొత్తం వందకు. నడిమి సారు లండన్‌లోని ఎకనామిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్. 2006 నుంచి అరవై ప్రశ్నలు అడిగి పదికి వేస్తాడు. చిన్న సారు వి-డెమ్, స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఆయన ఇల్లు. సున్నాకూ ఒకటికీ మధ్యనే ప్రపంచాన్నంతా సర్దుతాడు, వెనక్కి 1789 దాకా పోతాడు. పాలిటీ అని ఇంకొకాయన మైనస్ పది నుంచి ప్లస్ పది దాకా వేసేవాడు గానీ, మైనస్ మార్కులంటే మా ఊళ్లో ఐఐటీ కోచింగ్ పిల్లలకే భయం. అందుకని ఆయన్ను పక్కన పెడుతున్నాను.

2021లో మీ ముగ్గురూ కూడబలుక్కున్నట్టే వచ్చారు. పెద్ద సారు మమ్మల్ని 71 నుంచి 67కు దించి, 'స్వేచ్ఛ ఉన్న దేశం' గడిలోంచి 'పాక్షిక స్వేచ్ఛ' గడిలోకి నెట్టాడు. చిన్న సారు 'ఎన్నికలున్న నిరంకుశత్వం' అన్నాడు. నడిమి సారు 2014లో 7.92 ఇచ్చిన చేత్తోనే 6.61 రాసి, లోపాలున్న ప్రజాస్వామ్యమన్నాడు. కేంద్ర ప్రభుత్వం పెద్ద సారు నివేదిక తప్పుదోవ పట్టించేదని ప్రకటన ఇచ్చింది. హన్మకొండ చౌరస్తాలో చాయ్ తాగుతూ ఈ వార్త చదివినాయన నన్నడిగిన ప్రశ్న మీకు పంపిస్తున్నాను: "పదిల ఆరున్నర వస్తే ఫస్ట్ క్లాసే గద సార్, మరి లొల్లెందుకు?" నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉండే ఉంటుంది, కింద చిన్న అక్షరాల్లో.

మా యార్డులో రేటు ఎట్లా తెగుతుందో చెప్తాను వినండి. పొద్దున జెండా దగ్గర ఖరీదుదారులు గుమిగూడుతారు. ఆ రోజు వచ్చిన సరుకులో మేలైనదానికి పాట పెడతారు. అందరికంటే ఎక్కువ పలికిన ధరే జెండా పాట. మర్నాడు పేపర్లో పడేది అదే. పరకాల నుంచో ములుగు నుంచో బస్తాలేసుకొచ్చిన రైతు ఆ అంకె విని మనసులోనే అప్పులన్నీ తీర్చేసుకుంటాడు. కాసేపటికి ఖరీదుదారు అతని బస్తా దగ్గరికొస్తాడు. చేయి పెట్టి నాలుగు కాయలు తీస్తాడు, విరుస్తాడు, రంగు చూస్తాడు. "తేమున్నది, తాలున్నది" అని జెండా పాటకు ఎంతో కింద ఒక ధర చెప్పి ముందుకు పోతాడు. చూసింది నాలుగు కాయలు, ధర బస్తా అంతటికీ. చెయ్యి తిరిగినవాడు గనక అతని అంచనా చాలాసార్లు నిజమే అవుతుంది. రైతుకు తిట్టడానికి కూడా వీలులేకుండా చేసేది అదే.

మీ పనీ కొంతవరకు ఇదే. చిన్న సారు ఒక్కో దేశం మీద ఒక్కో ప్రశ్నకు మామూలుగా అయిదుగురు నిపుణుల దాకా అడుగుతాడు. పత్రికల మీద ప్రభుత్వం ఒత్తిడి ఎంత? కోర్టు మాట ప్రభుత్వం వింటుందా? సున్నా నుంచి నాలుగు దాకా ఏదో ఒకటి వెయ్యండి. ఒకరి చెయ్యి ధారాళం, ఇంకొకరిది పిసినారితనం గనక, ఆ తేడా పట్టడానికి ఊహా దేశాల కథలు కొన్ని చెప్పి వాటికీ మార్కులు వేయిస్తాడు. తర్వాత గణాంకాల యంత్రంలో అన్నీ పోసి తిప్పితే దశాంశాలు రాలుతాయి. న్యాయంగా చెప్పాలంటే, అంకెతోపాటు అది ఎంత అటూ ఇటూ ఉండొచ్చో కూడా ఆయన రాస్తాడు. టీవీ వాళ్లకు ఆ అటూ ఇటూ అక్కర్లేదు. వాళ్లకు ర్యాంకు చాలు, దాని పక్కన పాకిస్తాన్ ర్యాంకు ఉంటే మరీ మంచిది.

ఆ అయిదుగురి పేర్లు మాత్రం చెప్పడు. మొదట్లో నాకు ఒళ్లు మండింది. మా రైతుకు తాలన్నవాడి మొహమైనా కనపడుతుంది గదా అనుకున్నాను. కారణం చదివాను: పేర్లు బయటపడితే కొన్ని దేశాల్లో ఆ నిపుణుల ప్రాణం మీదికి వస్తుందట. దాంతో నోరు మూసుకున్నాను. నేను ప్రభుత్వ టీచర్ని. మాకు ప్రవర్తనా నియమావళి అని ఒకటుంది.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. మీరు ముగ్గురూ జెండా దగ్గరే ఆగిపోతున్నారు. బస్తా దాకా రావడం లేదు.

2024 ఫిబ్రవరి మొదట్లో మా రాష్ట్రంలో సర్పంచుల పదవీకాలం అయిపోయింది. 12 వేలకు పైగా పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతికి పోయాయి. మళ్లీ ఓటు వేసింది 2025 డిసెంబరులో. గడువు ముగిసేలోపే ఎన్నిక జరగాలని రాజ్యాంగం 243ఇ అధికరణలో రాసి ఉంది, ఆ పాఠం నేనే చెప్తాను. వీధి దీపం వెలగకపోతే ఎవర్ని తిట్టాలో తెలియక ఊళ్లన్నీ దాదాపు రెండేళ్లు మౌనవ్రతం పట్టాయి. ప్రత్యేకాధికారి గారికి ఒక్క ఊరా? ఆయన ఏ ఊళ్లో ఉన్నాడో కనుక్కోవడానికే ఒక పూట పట్టేది. ఆ 2024 సంవత్సరానికి నడిమి సారు మా దేశానికి ఇచ్చింది 7.29. అంతకుముందు ఏడాది 7.18. పెరిగిందండీ! సర్పంచ్ లేని ఏడాదే మా ప్రజాస్వామ్యం కాస్త ఒళ్లు చేసింది. ఆ సర్పంచులే అడ్డమేమోనని మా ఊళ్లో కొందరికి అనుమానం కూడా వచ్చింది.

చిన్న సారు వెంటనే లేచి, స్థానిక సంస్థల మీద నా దగ్గర వేరే సూచీ ఉన్నదయ్యా అంటాడు. ఉన్నది, ఒప్పుకుంటా. దేశంలో కొన్ని ప్రాంతాల్లో స్వేచ్ఛ తక్కువా అని కూడా ఒక ప్రశ్న అడుగుతాడు. కానీ పేపర్లకెక్కే పెద్ద అంకె ఉంటుందే, ఆ ఉదారవాద ప్రజాస్వామ్య సూచీ, దాంట్లో మా పంచాయతీ కలవదు. అది వేరే అరలో భద్రంగా ఉంటుంది, సర్పంచ్ గది తాళంచెవి లాగే.

ఏకగ్రీవాల సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. ఉత్తర కొరియాలో 2023 నవంబరులో ప్రాంతీయ సభల ఎన్నికలైతే, అభ్యర్థులకు వ్యతిరేకంగా 0.09 శాతం మంది ఓటేశారని వాళ్ల సర్కారు వార్తా సంస్థే చెప్పింది. ప్రపంచం ముక్కున వేలేసుకుంది. మా ఏకగ్రీవ పంచాయతీల్లో ఆ 0.09 కూడా ఉండదు. గుడి ముందు కూర్చొని, గుడికి ఎవరు ఎక్కువ ఇస్తే వాళ్లే సర్పంచ్ అని పాట పాడి తేల్చుకున్న ఊళ్ల వార్తలు ప్రతి ఎన్నికకూ చదువుతున్నాం. కలహాలు లేని ఊరని ప్రభుత్వమే ఒకప్పుడు ఏకగ్రీవానికి 10 లక్షల బహుమతి ప్రకటించింది. ఓటు వేయని ఊరికి నజరానా ఇచ్చే పద్ధతికి మీ దగ్గర ఏ గడి ఉందో తెలుసుకోవాలని ఉంది.

నడిమి సారు చట్టసభల్లో ఆడవాళ్లెందరని అడుగుతాడు. 20 శాతం దాటితే పూర్తి మార్కు, పదికీ ఇరవైకీ మధ్యనైతే సగం. లోక్‌సభలో 543 మందికి 74 మంది, అంటే మాకు సగం. బాగానే ఉంది. పంచాయతీల్లో చూడండి, మాకు సగం సీట్లు ఆడవాళ్లవే. మీ స్కేలు విరిగిపోతుంది. ఆ సగంలో ఎందరి కుర్చీల్లో సర్పంచ్ భర్త కూర్చొని కూలీల మస్టర్ చూస్తున్నాడో, 'మేడం ఇంట్ల ఉన్నది, నాకు చెప్పుండ్రి' అంటున్నాడో, ఆ లెక్క తియ్యడానికి గోథెన్‌బర్గ్ నుంచి కాదు, మా మండలాఫీసు నుంచి కూడా ఎవ్వరూ రారు.

మీ ఊహా దేశాల పద్ధతి నాకు నచ్చింది గనక నేనూ కొన్ని కథలు రాశాను. మీ నిపుణులకు పంపండి. సున్నా నుంచి నాలుగు.

ఒక దేశంలో ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి జరుగుతుంది. ముసలమ్మ తన భూమి తహసీల్దారాఫీసులో పక్కోడి పేరు మీదికి ఎక్కిందని అర్జీ పెడుతుంది. కలెక్టర్ గారు ఎంతో మర్యాదగా తీసుకుంటారు. అర్జీ మీద సంతకం చేసి, విచారణ కోసం ఎవరికి పంపుతారు? ఆ తహసీల్దారుకే. ఇక్కడ పౌరుడికి ప్రభుత్వం దగ్గరికి దారి ఉందా, లేదా? దారి ఉంది, అది గుండ్రంగా ఉంది.

ఇంకో దేశంలో 1976లో ఒక విశ్వవిద్యాలయం పుట్టింది, అదీ ఎమర్జెన్సీ మధ్యలో. దాని రాజనీతి శాస్త్ర విభాగంలో ఎన్నికల సిద్ధాంతాలన్నీ చెప్తారు. 1980ల చివర్లో ఆగిపోయిన విద్యార్థి సంఘాల ఎన్నికలు మాత్రం మళ్లీ మొదలు కాలేదు. ప్రశ్నపత్రంలో 'విద్యార్థుల రాజకీయ భాగస్వామ్యాన్ని వివరింపుము' అని పదిహేను మార్కులకు వస్తుంది.

మూడో దేశంలో బొగ్గు గనులున్నాయి. సింగరేణి అంటారు. అక్కడి కార్మికులు 1998 నుంచి రహస్య బ్యాలెట్‌తో తమ గుర్తింపు సంఘాన్ని ఎన్నుకుంటున్నారు. పవర్‌లో ఉన్న సంఘం ఓడిపోతుంది కూడా. దీనికి ఎక్కువ మార్కులు వేస్తే నాకు సంతోషమే, గని లోపల ఉన్న ఎన్నిక పైన కాలేజీలో ఎందుకు లేదో ఎవరైనా ఒక వాక్యం రాస్తే ఇంకా సంతోషం.

ఓడిపోవడం అన్నాను గదా. మీ శాస్త్రంలోనే ఒక పాత వాదముంది: అధికారంలో ఉన్న పార్టీ ఎన్నికల్లో ఓడి దిగిపోతుందా లేదా, అదొక్కటి చూస్తే చాలని. ఆ లెక్కన బోట్స్వానా పాపం ఏళ్ల తరబడి నియంతృత్వం జాబితాలో కూర్చుంది. ఎన్నికలు బాగానే జరిగేవి గానీ 1966 నుంచి ఒకే పార్టీ గెలుస్తూ పోయింది. 2024లో అది ఓడింది, ఇక ఆ జాబితా వాళ్లకు పని పడ్డది. మా రాష్ట్రమూ 2023 డిసెంబరులో ఆ పరీక్ష నెగ్గింది, అధికార పార్టీ ఓడి దిగింది. అయితే మా దగ్గర పార్టీ ఓడుతుంది గానీ ఎమ్మెల్యే ఓడడు. 2019లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు అప్పటి అధికార పార్టీలో విలీనమయ్యారు. 2023 తర్వాత పది మంది ఆ పార్టీ నుంచి కాంగ్రెస్‌లోకి ఫిరాయించారన్న కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఓటరు అధికారపక్షాన్ని మారుస్తాడు, ఎమ్మెల్యే తనను తాను మార్చుకుంటాడు. ఈ రెంటిలో మీరు దేన్ని లెక్కిస్తున్నారు?

ఇక మిమ్మల్ని తిట్టేవాళ్ల గురించి. 2022లో ప్రధాని ఆర్థిక సలహా మండలి నుంచి ఒక పత్రం వచ్చింది. ఈ సూచీలు మమ్మల్ని ఎమర్జెన్సీ నాటి స్థాయిలో పెట్టాయి, ఇదేం న్యాయం అని. ప్రశ్న చెడ్డది కాదు. అప్పుడు పెద్ద సారు వేసిన గడి, 2021లో వేసిన గడి ఒకటే. 1975లో గిరాయిపల్లి అడవిలో ఎన్‌కౌంటర్ పేరిట చంపేసిన పిల్లల్లో మా వరంగల్ ఆర్ఈసీ (ఇప్పటి ఎన్ఐటీ) విద్యార్థి ఉన్నాడు. ఆ కాలాన్నీ ఈ కాలాన్నీ ఒక గడిలో వెయ్యాలంటే మా ఊరివాళ్లకు చెయ్యాడదు. మీ రంగంలోనే లిటిల్, మెంగ్ అనే ఇద్దరు, పాలకులు ఓడిన ఎన్నికల లాంటి కంటికి కనిపించే లెక్కలు చూస్తే ప్రపంచమంతా ప్రజాస్వామ్యం దిగజారుతున్నదన్నది అంత గట్టిగా తేలదని రాశారు. దానికి మీవాళ్లు జవాబూ ఇచ్చారు. అట్లా కొట్టుకోవాలి, బాగుంటుంది.

కానీ మా ఢిల్లీ పెద్దల బాధ ఎమర్జెన్సీ గురించి కాదు సారూ. మీ అంకెలు ప్రపంచ బ్యాంకు పాలనా సూచికల్లోకి పోతాయి, వాటిని రేటింగ్ ఏజెన్సీలు చూస్తాయి, అప్పు మీద వడ్డీ అక్కడ తేలుతుంది. బాధ అక్కడిది. అందుకే మన సూచీ మనమే తయారు చేసుకుందామన్న ఆలోచన గురించి కూడా వార్తలొచ్చాయి. రైతు తన బస్తాకు తానే జెండా పాట పాడుకుంటే ఎట్లుంటుందో మీకు వేరే చెప్పాలా? వాడికి ఆ అవకాశం ఎప్పుడూ రాలేదు, అది వేరే సంగతి.

పెద్ద సారుకు ఒక మాట విడిగా. మీ ఖర్చు చాలాకాలం ఎక్కువగా అమెరికా ప్రభుత్వమే భరించింది, అయినా ఆ దేశాన్నే మీరు 94 నుంచి 83 దాకా దించారు. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. మిమ్మల్ని అమెరికా ఏజెంటని మా చౌరస్తాలో ఎవరన్నా అంటే ఇదే చెప్తున్నాను. ఎవరూ నమ్మడం లేదు.

కోరేది ఇంతే. ఈసారి మీ నిపుణుల్ని మార్చిలో ఇటు పంపండి. రాజధానుల్లో సెమినార్లు అయ్యాక ఒక్క సోమవారం కలెక్టరేట్ వరండాలో కూర్చోమనండి, మధ్యాహ్నం ఒక పంచాయతీ ఆఫీసు, సాయంత్రం స్టేషన్లో ఎఫ్ఐఆర్ రాయించుకోవడానికి వచ్చినవాడి వెనక నిలబడమనండి. దానికి మార్కు వెయ్యమనండి. ఆ మార్కును పెద్ద అంకెలో కలపమనండి. అంకె ఎంత పడిపోయినా మేం ప్రకటన ఇవ్వం, మాకు లెటర్‌హెడ్ కూడా లేదు.

ఈ లేఖ నకలు ఒకటి ప్రజావాణిలో ఇచ్చాను. తగు చర్య నిమిత్తం సంబంధిత శాఖకు పంపినట్టు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఆ శాఖ ఏదో నాకు అర్థం కాలేదు. మీకే చేరిందేమో చూసుకోండి.

ఇట్లు,
ఎన్నికలప్పుడు ప్రిసైడింగ్ ఆఫీసర్, మిగతా రోజుల్లో సాంఘిక శాస్త్రం టీచర్,
హన్మకొండ.

(పేరు రాయలేదు. పత్రికా స్వేచ్ఛ, భావ ప్రకటనా స్వేచ్ఛల ప్రశ్నలకు దీన్నే నా జవాబుగా వేసుకోండి.)